వంగిన ఆడమనిషి చీర

నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి. మా వీధివాళ్లు నాలుగు రోజులుగా నవ్వుతూనే ఉన్నారు. మగ్గాల పనికి వలస వచ్చిన మన తెలుగువాళ్లుండే ఈ నవాగామ్‌లో పన్నెండేళ్లుగా నేను టీచరమ్మను. ఇన్నాళ్లూ అందరూ నా మొహం చూసి నమస్తే అనేవాళ్లు. ఇప్పుడు ముందు నా చీర కుచ్చిళ్లు చూసి, పెదవులు బిగబట్టి, ఆ తర్వాత నమస్తే అంటున్నారు. తప్పు వాళ్లది కాదు, నాదే. కొంచెం పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌ది కూడా.

మా మరిది శ్రీను పాండేసరలో ఒక ప్రింటింగ్ మిల్లులో చీరల డిజైన్లు గీస్తాడు. ఆరేళ్లు పవర్‌లూమ్‌ల మీద పనిచేసి, చెవులు సగం పోయాక, ఎలాగో ఆ బల్ల దగ్గర కుర్చీ సంపాదించాడు. ఈ మధ్య అతని డిజైన్లు రెండు వరసగా దెబ్బతిన్నాయి. దీపావళి సరుకుకి మూడోది బాగా రాకపోతే మళ్లీ లూమ్‌ల మీదికే పంపిస్తానని మిల్లు శేఠ్ చెప్పేశాడట.

"మల్ల గా సప్పుడుకు పోలేను వదినె. నీ దగ్గర బొమ్మల బుక్కేదో ఉండె గదా, జర ఇయ్యవా?" అన్నాడు.

ఆదివారం సంతలో పాత పుస్తకాల కుప్పలోంచి తెచ్చుకున్న యూరప్ పెయింటింగుల బుక్ అది. ఇచ్చి ఊరుకుంటే సరిపోయేది. నేను బి.ఏ. హిస్టరీ! బుక్‌తో పాటు పాఠం కూడా ఇచ్చాను.

"చూడు శ్రీనూ, పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ రెండు రకాల పెయింటర్లు. రొమాంటిక్ వాళ్లకు అంతా ఆవేశం. తుఫాను, మునిగే ఓడ, రెండు కాళ్ల మీద లేచిన గుర్రం. తర్వాత రియలిస్టులు వచ్చారు. ఈ గాలివానలు మాకెందుకు, కష్టం చేసే మనిషిని ఉన్నది ఉన్నట్టు గీస్తాం అన్నారు."

శ్రీను ఓడ పేజీ దగ్గరే ఆగిపోయాడు. "అబ్బ! నీళ్లు చూడు వదినె, మీదికి ఉరికొస్తున్నయ్."

"అది కాదు, ఇది." పేజీ తిప్పాను. కోసేసిన చేలో వంగి, రాలిన కంకులు ఏరుకుంటున్న ఆడవాళ్లు. "మన చీరలు కట్టేది ఎవరు? కష్టం చేసుకునేవాళ్లు. వాళ్ల బతుకే చీర మీద ఉంటే ఎంత గౌరవం!"

"ముగ్గురున్నరు. చిన్నగ గీస్తా."

"ఒక్కతి చాలు. పెద్దగా గియ్యి. జానెడు ఉండాలి."

"పెద్దగ గీస్తే కుచ్చిళ్లల్ల ఎట్ల పడ్తదో చూడాలె వదినె. మనిషేమో వంగి ఉన్నది. మడత ఏడ వస్తదో ఏమో..."

"నువ్వు గీత చూసుకో. రియలిజం నాకొదిలెయ్."

వదిలేశాడు పాపం.

శాంపిల్ చీర వచ్చింది. మంచం మీద పరిస్తే, అబ్బో! ఆవపువ్వు రంగు చేను, నీలం లంగాలో వంగిన మనిషి, వరస తర్వాత వరస. నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. శేఠ్ మాత్రం, చీరను మంచం మీద కాదు, ఒంటి మీద చూడాలన్నాడు. బతుకమ్మ నాడు సాయంత్రం తనే మా వీధికొస్తాడట. ఆడవాళ్లు మెచ్చుకుంటేనే ప్రింటింగ్.

"ఎవరో ఎందుకు, నేనే కడతా," అన్నాను.

మా ఇంట్లో అద్దం గోడకు వేలాడుతుంది. అందులో మొహం కనిపిస్తుంది, అంతే. బొట్టు చూసుకున్నాను. కుచ్చిళ్లు ఇస్త్రీ పెట్టినట్టు తీర్చి, పిన్ను పెట్టి, బతుకమ్మ ఎత్తుకుని వెళ్లాను.

ఆట మొదలైంది. వంగి చప్పట్లు, లేచి ఒక అడుగు, మళ్లీ వంగి చప్పట్లు. ఎదురుగా తిరుగుతున్నవాళ్లకు చప్పట్లు తప్పడం మొదలైంది. ఒకామె పాట మింగేసింది. ఇంకొకామె కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి పక్కింటి లచ్చవ్వే ఆట ఆపింది.

"టీచరమ్మా, గిదేం చీర? అన్నీ పిర్రలే ఉన్నయి. తలకాయలేవి?"

వంగి చూసుకున్నాను. ఒక బొమ్మ వెడల్పూ, నా కుచ్చిళ్ల కొలతా సరిగ్గా కలిసిపోయాయి. తలా, చేతులూ, కంకులూ మొత్తం మడతల లోపల. ప్రతి కుచ్చిలి అంచునా బయట మిగిలింది నీలం లంగా వెనక భాగం ఒక్కటే. పై నుంచి కింది దాకా! నేను వంగినప్పుడల్లా అవన్నీ నాతో పాటు ఊగుతున్నాయట.

"అది శ్రమ, లచ్చవ్వా! కంకులు ఏరుకుంటోంది."

"ఏరనియ్యి. మొకం ఏడ వెట్టింది?"

ఇంతలో STD బూత్ పక్కన స్కూటర్ ఆగింది. శేఠ్! దగ్గరికొచ్చి, చూసి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇస్కా ముఁహ్ కిధర్ హై, బెన్?" అన్నాడు. దీని మొహం ఎక్కడక్కా అని.

వెనకవైపు చీరకు కుచ్చిళ్లుండవు కదా, అక్కడ బొమ్మ నిండుగా ఉంటుందని చటుక్కున గుర్తొచ్చింది. "మొహం ఇక్కడుంది శేఠ్‌జీ!" అని గిరుక్కున వెనక్కి తిరిగి చేత్తో చూపించాను. చూపించాక తట్టింది, వీధి మొత్తానికి ఏం చూపిస్తున్నానో.

ఇక నవ్వులు ఆగలేదు. శ్రీను ఒక్కడే నవ్వలేదు. తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. ఆరేళ్లు లూమ్ నడిపిన చేతులు. ఆఖరి ప్రయత్నంగా, "అది కాదు లచ్చవ్వా, కష్టం చేసేవాళ్ల బొమ్మని పెట్టించాను," అన్నాను.

లచ్చవ్వ రోజంతా ఇంట్లో చీరల మీద వంగి, తేలిన దారాలు కత్తిరిస్తుంది. నడుం మీద చెయ్యేసుకుని నన్నొక చూపు చూసింది.

"పొద్దంత వంగేది నేనే గదా. పండుగ పూట గూడ వంగిన దాన్నే కట్టుకోవాల్నా? ఏదన్న ఎగిరేదో, ఉరికేదో ఉంటే తీస్కరా."

అప్పుడు శ్రీను మెల్లగా తన సంచిలో చెయ్యి పెట్టాడు.

"కోపం చెయ్యకు వదినె. నీకు చెప్పకుంట గిదొకటి గూడ గీసిన."

ఇంకో శాంపిల్ చీర. దాని మీద ఓడ! నల్లటి ఆకాశం, తెల్లటి నురగ. లచ్చవ్వ దాన్ని లాక్కుని ఇంట్లోకి పోయి, పది నిమిషాల్లో కట్టుకొచ్చింది. అరవై ఏళ్ల మనిషి అలా నడుస్తుంటే, కుచ్చిళ్లలో ఓడ ఒక మడతలో మునిగి ఇంకో మడతలో తేలుతోంది. ఆడవాళ్లు బతుకమ్మను వదిలేసి ఆమె చుట్టూ చేరారు. "నాకొకటి" "నాకొకటి" అని శ్రీను చొక్కా పట్టుకుని గుంజుతున్నారు.

"కల్ సే ఛాపో," అన్నాడు శేఠ్. రేపట్నుంచే అచ్చు వెయ్యమని! శ్రీను కుర్చీ నిలబడింది. శేఠ్ స్కూటర్ ఎక్కుతూ నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "బెన్, ఆప్ స్కూల్ హీ సంభాలో," అన్నాడు. నన్ను బడి చూసుకుంటే చాలన్నాడు.

ఇక నా చీర మిగిలింది. కట్టలేను, పారేయడానికి మనసొప్పదు. కత్తిరించి వీధి కిటికీకి కర్టెన్ కుట్టి, నిన్న పొద్దున వేలాడదీసి బడికెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి కిటికీ ముందు లచ్చవ్వతో సహా పది మంది. కర్టెన్ కూడా కుచ్చులు పడుతుందని నాకెందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి!

"అచ్చు లోపలికి తిప్పి కట్టుదాం వదినె," అన్నాడు శ్రీను, నవ్వాపుకుంటూ.

తిప్పి కట్టాం. ఇప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తితే చాలు, ఆ ఆడవాళ్లంతా వరసగా నాకే చూపిస్తున్నారు. రియలిజం అంటే ఉన్నది ఉన్నట్టు చూడటమే కదా. చూస్తున్నాను.