అమ్మ కూర్చోని సీటు

మాది రేపల్లె. అమ్మ ముప్పై ఏళ్లు చేపల గంపతో ప్యాసింజర్ బండిలో తెనాలి వెళ్లొచ్చేది. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. "మన వాసన వాళ్లకెందుకే" అంటూ తలుపు దగ్గరే నిలబడేది. ఆ గంపే నన్ను చదివించి బాపట్లలో టీచరును చేసింది.

కిందటేడు అమ్మను వైద్యానికి హైదరాబాదు తీసుకెళ్తూ, తెనాలిలో ఏసీ చైర్‌కార్ ఎక్కించాను. సున్నిపిండితో రెండుసార్లు ఒళ్లు రుద్దుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చి సీటు అంచున కూర్చుంది. కాసేపటికి అవతలి పక్కనున్నాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ గబుక్కున లేచి తలుపు దగ్గరకు వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. పిలవకుండా కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

గుంటూరు దాటాక ఆయనే నన్ను లేపాడు. "పెద్దావిడ అంతసేపు నిలబడ్డారేంటమ్మా? నా జలుబు అంటుకుంటుందనా?"

పరుగెత్తాను. అమ్మ పొట్ట పట్టుకుని తలుపుకు ఆనుకుని ఉంది. ఎంత బతిమాలినా రాలేదు. "నాకిక్కడ అలవాటేలే, నువ్వెళ్లి కూర్చో" అంది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మను అంబులెన్సులో తెచ్చాను, ప్రాణం లేకుండా.

ఆ రోజు అమ్మ దగ్గర సున్నిపిండి వాసన తప్ప ఏమీ రాలేదు. ఆయనకైతే జలుబు, ఏ వాసనా తెలియదు. పక్కనే కూర్చున్న నాకు తెలుసు.