ప్రింట్ కాలేదన్న నాలుగు పేజీలు

మనిషి కొంప మునగాలంటే వరద రావాలా, తుఫాను రావాలా? మా అనంతపురంలో ఆ రెండింటి కోసం కూర్చుంటే ఈ జన్మకు మునగలేం. అందుకే నాకు ఒక ప్రింటరు చాలింది. అదీ చెడిపోయిన ప్రింటరు కాదు, శుభ్రంగా పనిచేస్తున్న ప్రింటరు. ఎలా ముంచిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఊరు చిలమత్తూరు, పేరు షాహీన్. బుక్కరాయసముద్రం దాటాక ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరి మూడు నెలలైంది. ఎండాకాలం సెలవులు. పిల్లలు లేరు, లెక్చరర్లు లేరు. వెనక బిల్డింగులోని ఆఫీసు గదిలో నేను, ఒక టేబుల్ ఫ్యాను. అది కూడా నావైపు తిరిగినంతసేపు తిరిగి, ఇష్టం లేని పెళ్ళిచూపుల్లో లాగా మొహం తిప్పుకునేది. అద్దెగదికి పోతే అదీ లేదు. కొన్ని రోజులు పొద్దున పాలాయనతో అన్న "అరలీటరు" అనే మాటే ఆ రోజుకంతా నా సంభాషణ.

ఆ రోజు హాస్టల్ సీట్లు దొరికిన పిల్లల జాబితా బోర్డు మీద పెట్టాలి. ప్రిన్సిపాల్ సుభద్ర మేడం టౌనులో మీటింగుకు పోతూ ఆజ్ఞలు జారీ చేశారు. ఆవిడ గొంతు వింటే గోడ మీద బల్లి కూడా అటెన్షన్‌లో నిలబడేది.

"షాహీన్, పన్నెండు లోపల జాబితా పడల్ల. నారాయణప్పా, ప్రింటర్లో ఏమొస్తే అది తీస్కపోయి బోర్డుకు అతికించు. ఆలోచన చేయొద్దు."

నారాయణప్ప మా అటెండరు. కంటి ఆపరేషను జరిగి వారమైంది. నల్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు, అక్షరాల జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. ఇక ఆలోచన చేయొద్దని చెబితే అక్షరాలా పాటించే మనిషి. ప్రింటరేమో మైదానం అవతల, గేటు పక్క గదిలో, నోటీసు బోర్డుకు పది అడుగుల్లో ఉంటుంది.

నేను కంప్యూటరు తెరిచేసరికి అది తనంతట తానే అప్‌డేట్ చేసుకుంటూ ఉంది. ముప్పావుగంట తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. చివరికి కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చింది. అప్‌డేట్ కాగానే పండగ కాదని నాకప్పటికి తెలియదు.

జాబితా తెరిచి ప్రింట్ నొక్కాను. "ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉంది" అంది. మళ్ళీ నొక్కాను. "కాగితం లేదు" అంది. మళ్ళీ నొక్కాను. "మూత తెరిచి ఉంది" అంది. పెళ్ళికి రాని చుట్టం కూడా ఇన్ని సాకులు చెప్పడు. ఆరుసార్లు నొక్కి, నారాయణప్పకు ఫోన్ చేశాను.

"నారాయణన్నా, ప్రింటర్లో కాగితం ఉండాదా?"

"శానా ఉండాదమ్మా."

"మూత?"

"మూసే ఉండాది."

"మరి కాగితాలేమన్నా వస్తాండాయా?"

"వస్తాండా..." అన్నాడు. లైను తెగిపోయింది.

'వస్తాండా' అంటే తానే నా దగ్గరికి వస్తున్నాడనుకున్నాను. ఆయన అన్నది 'వస్తాండాయి' అని, చివరి అక్షరాన్ని సిగ్నల్ మింగేసిందని నాకేం తెలుసు? ఒక్క 'యి' కోసం బతుకు బజారున పడ్డ ఆడపిల్లను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

లేచి మైదానం దాటి చూసి రావచ్చు కదా అంటారా? ఆ ఎండలో కాకులు కూడా నడిచి పోవడం లేదు, ఎగిరి పోతున్నాయి. నారాయణప్ప వస్తాడు కదా అని కూర్చున్నాను. ఈలోపు తప్పు ఫైల్లో ఉందేమోనని, జాబితాలో పేర్లన్నీ తీసేసి పరీక్షకు ఒక ముక్క కొట్టాను: "హలో. ఎవరైనా ఉన్నారా?"

ప్రింట్ కాలేదంది. ఎలాగూ కావడం లేదు కదా అనే ధైర్యంతో ఇంకొకటి కొట్టాను. "ఇక్కడ పని చెప్పేవాళ్ళే తప్ప పలకరించేవాళ్ళు లేరు." కాలేదు. "జ్వరమొచ్చి పడుకుంటే గోడలు తప్ప నా మొహం చూసిన దిక్కు లేదు." కాలేదు. ఇక చెయ్యి ఆగలేదు. "శనివారం సాయంత్రం మూసిన నోరు మళ్ళీ సోమవారమే తెరుస్తున్నాను. ఆదివారమంటే భయంగా ఉంది."

అది కూడా కాలేదనే చెప్పింది. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగో పేజీ కొట్టాక మనసు తేలికపడింది. మూడు నెలల్లో నా మాట అంత ఓపిగ్గా విన్నది ఆ పాడు యంత్రమొక్కటే.

అంతలో ఒకామె కొంగుతో చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. గార్లదిన్నె దగ్గరి పల్లె నుంచి కూతురి సీటు కోసం వచ్చిన లక్ష్మక్క.

"ఏమ్మా, మీ మేడం యాడ పోయింది?"

"మీటింగుకు పోయింది. జాబితా ఇంగా రాలేదక్కా, ప్రింటరు పని చేయలేదు."

"జాబితా ఉండనీలేమ్మా. పాపం, ఆయమ్మకు ఎవురూ లేరంట గదా! జరమొస్తే నీళ్ళిచ్చే దిక్కు గూడా లేదంట."

"ఎవరు చెప్పినారక్కా?"

"ఆయమ్మే రాసి బోర్డుకు ఏసినాది. కింద సంతకం గూడా ఉండాది."

సంతకం! యా అల్లా! జాబితా ఫైల్లో పైన కాలేజీ పేరు, కింద ప్రిన్సిపాల్ మేడం సంతకం బొమ్మ ముందే పెట్టి ఉన్నాయి. నేను తీసేసింది నడుమనున్న పేర్లను మాత్రమే!

ఆ ఎండలో చెప్పులు మరిచి పరిగెత్తాను. బోర్డు ముందు నలభై మంది తల్లిదండ్రులు సంతాపసభలా నిలబడి ఉన్నారు. మొదట వచ్చిన ఆరు జాబితాలు అడుగున, వాటి మీద పక్కపక్కనే నా నాలుగు పేజీలు, నాలుగు మూలలా నున్నగా జిగురు పూసి.

"నారాయణన్నా, ఏం చేసినావన్నా!"

"వచ్చింది వచ్చినట్టే అంటిచ్చినా గదమ్మా," అన్నాడాయన గర్వంగా. "వంకర ల్యాకుండా."

గోటితో గీకడం మొదలుపెట్టానో లేదో, ఆటోలోంచి మేడం దిగారు. జనం ఆవిడను చుట్టేశారు. మామూలుగా ఆవిడ ఎదుట చేతులు కట్టుకుని నిలబడే వాళ్ళు, ఆ రోజు చేతులు పట్టుకున్నారు.

"మేడం, ఆదివారం మా ఇంటికి రాండి."

"మేము లేమా మేడం? ఒక ఫోను కొట్టండి సాలు."

మేడం ఏమీ అర్థం కాక బోర్డు వైపు చూశారు. నాలుగు పేజీలూ ఒకటి తర్వాత ఒకటి చదివారు. తర్వాత నావైపు చూశారు. నా పెట్టే బేడా చిలమత్తూరు బస్సెక్కడం కళ్ళకు కట్టింది.

గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"నువ్వేనా రాసింది?"

"తప్పయిపోయింది మేడం. ప్రింట్ కాలేదని స్క్రీను చెప్పింది..."

"స్క్రీను సంగతి నేనడగలే." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు తగ్గించారు. "నా ఆదివారాల సంగతి నీకెవరు చెప్పినారు?"



"అవి మీవి కాదు మేడం," అన్నాను. "నావి."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. బయట ఏముందని? తుమ్మచెట్టు, దుమ్ము. ఇద్దరం వాటినే చూస్తూ ఉండిపోయాం. ఇంతలో లక్ష్మక్క తలుపు తోసుకుని, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలతో వచ్చి బల్ల మీద పెట్టేసింది. "కూతురికి సీటొచ్చినాది మేడం, నారాయణప్ప పై కాగితాలు పీకితే అడుగు దాంట్లో పేరుండాది. తినండి ఇద్దురూ," అంది. ప్రిన్సిపాల్ మేడం ఒకరి మాట విని బుద్ధిగా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

నా ఉద్యోగం పోలేదు. అలాగని మేడం ఊరికే వదల్లేదు. సాయంత్రం ఆ నాలుగు పేజీలూ నా బల్ల మీదికి తిరిగొచ్చాయి. ఎర్ర సిరాతో రెండు అక్షరదోషాలు దిద్ది, కింద రాశారు: "నా సంతకంతో తప్పులు పోగూడదు. ఆదివారం పదకొండింటికి ఇంటికొస్తే ఒత్తులు, పొల్లులు నేర్పిస్తాను."

కాబట్టి ఈ మహాజనుల సమక్షంలో, కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో మరొకరి సంతకం పైన నా మనసు విప్పను. విప్పక తప్పని రోజు వస్తే, ముందు ఒత్తులు సరిచూసుకుంటాను.