రైలెక్కినోళ్లు చెయ్యెత్తుండ్రి

ఆ ఏడు నేను బడి విడిచిపెట్టి ఆఫీసుకు పోదామని దాదాపు తేల్చేసుకున్నాను. జిల్లా ఆఫీసులో పాఠ్యపుస్తకాల పంపిణీ చూడటానికి ఒక టీచరు కావాలట, డిప్యుటేషన్ మీద. మా హెడ్మాస్టరు సారు నన్ను గదిలోకి పిలిచి, చాయ్ తెప్పించి మరీ చెప్పారు.

"అటు పోయినోళ్లు మళ్ల క్లాసుకు వచ్చిన్రంటే నేను సూడలే మేడం. శనివారం దాక సోచాయించి చెప్పుండ్రి."

నాకు సోచాయించేది ఏమీ కనిపించలేదు. సిద్దిపేటలో ఫిజికల్ సైన్స్ చెప్పబట్టి చాలా ఏళ్లయింది. ఏటా కొత్త పిల్లలు వస్తారు, పాఠాలు మాత్రం అవే. సుద్దముక్క చేతికి తగిలితే చాలు, నోరు దానంతట అదే నడిచిపోయేది. మధ్యలో నేను ఇంటికి పోయి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చినా క్లాసులో పాఠం ఆగదేమో అనిపించేది. అలా అని ఏ ప్రయత్నమూ చేయలేదని కాదు. శిక్షణ తరగతులకు పంపితే అక్కడ రంగు కాగితాలు కత్తిరించి చార్టులు చేయమన్నారు. చేశాను. ఆ చార్టుల పక్కన నిలబడి మళ్లీ పాత మాటలే చెప్పాను.

ఒక్క పాఠం విషయంలో మాత్రం నాకు కాస్త గర్వం ఉండేది. తొమ్మిదో తరగతి చలనం పాఠం. ఏదైనా కదులుతున్నదా లేదా అన్నది చూసేవాళ్లు ఎక్కడున్నారనే దాన్ని బట్టి ఉంటుందని చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా ఊరికి రైలు లేదు. అందుకని "రైలెక్కినోళ్లు చెయ్యెత్తుండ్రి" అని అడిగేదాన్ని. ఒకరో ఇద్దరో ఎత్తేవాళ్లు, కొన్నిసార్లు అదీ లేదు. "మన ఊరికి రైలెప్పుడొస్తదో దేవునికే ఎరుక. ఊహించుకోండ్రి" అని కుర్చీని క్లాసు నడుమకు లాగి, అందులో కూర్చుని ఊగేదాన్ని. ఇద్దరు పిల్లలు చెట్లై నా పక్క నుంచి వెనక్కి ఉరికేవాళ్లు. "ఎవరు కదులుతున్నరు? చెట్టా, నేనా?" అనేసరికి క్లాసంతా గొల్లుమనేది. పక్క క్లాసు సారు వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసిన రోజులున్నాయి. నా సర్వీసులో అంత పేరు తెచ్చిన పాఠం మరొకటి లేదు.

హెడ్మాస్టరు సారు పెట్టిన గడువుకు రెండు రోజుల ముందు బడిలో స్వపరిపాలన దినం వచ్చింది. ఆ రోజు పిల్లలే టీచర్లు. ఆడపిల్లలు చీరలు కట్టుకుని, మగపిల్లలు అంగీలు ప్యాంట్లోకి దోపుకుని పాఠాలు చెప్తారు. అసలు టీచర్లు వెనక బెంచీల్లో కూర్చుంటారు. పదో తరగతి పిల్ల ఒకతె ముందురోజు స్టాఫ్ రూముకు వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"టీచర్, రేపు నేను సైన్స్ టీచర్ని. మీ చీర ఒకటి ఇస్తరా? గా నీలి రంగు కాటన్ ది."

నా మనసు ఎంత పొంగిందో చెప్పలేను. ఇంటికి పోయి ఆ చీరకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పొద్దున్నే తెచ్చి ఇచ్చాను. నా మీద భక్తి కొద్దీ అడిగిందనుకున్నాను. భక్తే, కానీ అది వేరే తీరు భక్తి అని క్లాసులో కూర్చున్నాక తెలిసింది.

తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద, ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఆ ఏడు వాళ్లకు నేనింకా చలనం మొదలుపెట్టలేదు. నీలి చీర లోపలికి వచ్చింది. బ్యాగు బల్ల మీద ఎడమ పక్కన పెట్టింది. గడియారం చూసుకుంది. శుభ్రంగా ఉన్న బోర్డును మళ్లీ ఒకసారి తుడిచింది. "ఏంది గా లొల్లి? చేపల బజారా?" అంది. అచ్చం నా గొంతే. అందరికంటే ముందు నేనే నవ్వాను. నా పక్కనున్న పిల్ల నవ్వాలా వద్దా అని నా మొహం చూసి, ఆ తర్వాత నవ్వింది.

చలనం పాఠం మొదలైంది. నేను ఆగే చోట ఆగుతున్నది, నేను కొంగు సర్దుకునే చోట సర్దుకుంటున్నది. అంత బాగా నేను కూడా చెప్పలేనేమో అనుకుంటూ ఉన్నాను. అంతలో ఆ మాట వచ్చింది.

"రైలెక్కినోళ్లు చెయ్యెత్తుండ్రి."

అడిగీ అడగకముందే క్లాసుకు వీపు పెట్టి బోర్డు వైపు తిరిగింది. నా చుట్టూ చేతులు లేచాయి. ముందు వరస, నడుమ వరస, నా బెంచీలో అటు ఒకటి, ఇటు ఒకటి. మా ఊరికి రైలు వచ్చి చాలా రోజులైంది. పొద్దున్నే హైదరాబాదు దిక్కు పోతుంది, సెలవుల్లో పిల్లలు చుట్టాల ఇళ్లకు దాంట్లోనే పోతున్నారు. నీలి చీర మాత్రం వెనక్కి చూడలేదు.

"ఎవ్వరు లేరు గదా? మన ఊరికి రైలెప్పుడొస్తదో దేవునికే ఎరుక. ఊహించుకోండ్రి."

"టీచర్, మేమెక్కినం!" అని క్లాసంతా అరిచింది. "లొల్లి చెయ్యకుండ్రి" అని కుర్చీ లాక్కుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతుంటే నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు సిగ్గేసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బెంచీ మీది గీతలు చూస్తూ కూర్చున్నాను.

గంట కొట్టాక ఆ పిల్లను వరండాలో పట్టుకున్నాను. వెక్కిరించడానికే చేసిందేమో అని లోపల కాస్త కోపం కూడా ఉంది.

"గంతమంది చేతులెత్తితే ఎందుకు సూడలే బిడ్డా?"

ఆ పిల్ల తెల్లబోయింది. "మీరు గట్లనే చెప్తరు గదా టీచర్. గది పాఠంల మాటనే అనుకున్న." మళ్లీ మెల్లగా అంది. "పోయినేడు నేను గూడ చెయ్యెత్తిన."

నా కోపం గాలి తీసినట్టు పోయింది. వెక్కిరింపు అయితే ఏదో ఒక మాట అని పంపేసేదాన్ని. ఈ పిల్లను మాత్రం ఏడాది ఆలస్యంగా అడిగాను. "అయితే ఇప్పుడు చెప్పు. రైల్లకెళ్లి ఏం చూసినవ్?"

ఆ పిల్ల మొహం వెలిగింది. వాళ్ల నాయినమ్మతో పోయిందట. నాయినమ్మకు కిటికీ పక్కన సీటు దొరికిందట. "కొండపాక రాకముందే నాయినమ్మ అన్నది టీచర్, కరెంటు స్తంభాలన్ని ఎన్కకు ఉర్కుతున్నయి, గా దూరం గుట్ట మాత్రం మనతోనే వస్తుంది, దానికేం పని మనతోని అని. నేను గూడ చూసిన. నిజంగనే వస్తుండె. ఎందుకట్ల టీచర్? గప్పుడు మిమ్మల్ని అడుగుదామనే చెయ్యెత్తిన." మళ్లీ తనే అంది. "మీరు గూడ చూసే ఉంటరు గదా."

"నేనింక ఎక్కలే" అన్నాను.

"మన సిద్దిపేట రైలు మీరింక ఎక్కనేలేదా?" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పాపం, "పోనీ తియ్యుండ్రి టీచర్, బస్సులనే జల్ది పోవచ్చు" అని నన్నే ఓదార్చింది.

ఆ గుట్ట ఇంటి దాకా నా వెంటే వచ్చింది. ఎందుకలా కనిపిస్తుందో నాకు తెలుసు. కానీ తెలిసినదాన్ని తొమ్మిదో తరగతికి అర్థమయ్యేలా చెప్పడం ఇంకో పని. అది నేను ఎన్నడూ చెయ్యలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. కాదు, అడగనియ్యలేదు కాబట్టి. చపాతీలు చేస్తూ, పీట మీద పప్పుగుత్తి దగ్గరగా, నీళ్ల బిందె దూరంగా పెట్టి తల అటూ ఇటూ ఊపి చూశాను. ఇంట్లోవాళ్లు మెడ పట్టిందా అని అడిగారు. ఒక పాఠం కోసం అంత హుషారు పడి ఎన్నాళ్లయిందో.

తెల్లారి పిల్లలను మైదానంలోకి తీసుకుపోయి ప్రహరీ వెంట నడిపించాను. దగ్గరగా జెండా కర్ర, దూరంగా ఊరి నీళ్ల ట్యాంకు. జెండా కర్ర నాలుగడుగులు వేసేలోపే వెనక్కి పోయింది. ట్యాంకు మాత్రం గోడ చివరి దాకా మా పక్కనే నడిచింది. దగ్గరిది చూపులోంచి తొందరగా జారిపోతుంది, దూరంది నెమ్మదిగా జారుతుంది, అందుకే అది మనతో వస్తున్నట్టుంటుంది అని చెప్పకముందే ఇద్దరు ముగ్గురు ఆ మాట చెప్పేశారు. ఒకడు చందమామ కూడా అందుకే వెంట వస్తాడా అని అడిగాడు. అది నేననుకోలేదు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు, ముఖ్యంగా నేను.

శనివారం హెడ్మాస్టరు సారు అడిగారు. "ఏం సోచాయించిన్రు మేడం?"

"వచ్చే వారం తొమ్మిదోళ్లను కొండపాక దాక రైల్ల తీస్కపోవాలె సార్. పర్మిషన్ ఇయ్యుండ్రి."

"మరి ఆఫీసు?"

"గది ఇంకెవలికన్న చెప్పుండ్రి సార్."

ఆయన చాయ్ గ్లాసు చాటున నవ్వుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.

రైల్లో కిటికీ సీటు కోసం పిల్లలతో పోటీ పడ్డాను, సిగ్గులేకుండా గెలిచాను. నీలి చీర పిల్లనూ వెంట తీసుకుపోయాను. చీరను అప్పటికే ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిచ్చింది. కొంగు మీద సుద్ద మరక పోలేదని బాధపడింది. ఆ మరక నాదో తనదో మా ఇద్దరికీ తెలియదు. "గదో టీచర్, గుట్ట!" అని చూపించింది. నిజంగానే మాతో వస్తున్నది.

అప్పటి నుంచి అన్ని పాఠాలూ తళతళలాడుతున్నాయని చెప్పను. పదార్థం పాఠానికి క్లాసు ఇప్పటికీ ఆవలిస్తుంది, దానితో పాటు నేనూ ఆవలిస్తాను. కానీ ప్రశ్న అడిగాక బోర్డు వైపు తిరగడం మానేశాను. చేతుల వైపు చూస్తూ నిలబడతాను. ఏదో ఒక చేతి వెనక నాకు తెలియని గుట్ట ఉంటుంది. కుర్చీ రైలు మాత్రం ఉంచుకున్నాను, పిల్లలకు అదంటే ఇష్టం.

ఈ ఏడు చలనం పాఠం రోజున సుద్దముక్క బల్ల మీద పెట్టేసి అడిగాను. "రైలెక్కినోళ్లు చెయ్యెత్తుండ్రి."

అందరికంటే ముందు నా చెయ్యే లేచింది.