మూడు మేకుల మైదానం

ఇరవై ఏడేళ్ళుగా ఆ మైదానం మీద రోజూ మొదటి అడుగు అతనిదే. గడ్డి మీద తడి ఆరకముందే గేటు గొలుసు తీస్తాడు. చెప్పులు గేటు పక్కన వదిలి, గోలు ముందు నిలబడి, కుడి మడమను నేలలోకి నొక్కుతాడు. మడమ కాస్త దిగి ఆగితే నేల బాగున్నట్టు. చుట్టూ నీరు ఊరితే ఆ పూట ఆట వద్దని చెప్పాలి. అసలు దిగకపోతే నేలకి దాహం వేస్తున్నట్టు. నేల గట్టిదనం కొలవమని మునిసిపాలిటీ ఒకసారి ఏదో పరికరం పంపింది. అది స్టోరు గదిలో అట్టపెట్టెలోనే ముసలిదైపోయింది. అతని మడమ ఎండలో ముసలిదైంది.

ఆఫీసు రిజిస్టరులో అతనికి ఒక పేరుంది. జీతం రోజున తప్ప దాన్ని ఎవరూ పలకరు. మిగతా రోజులన్నీ అతను సున్నం బాబాయే. గీతలు గీసే బండిలో పోసీ పోసీ సున్నం అరచేతుల్లోకి ఇంకిపోయింది.

"మీ చేతిలో గీతలు బ్రహ్మ గీసినవా, మీరే గీసుకున్నారా?" అంటుంది భార్య.

"వంకర లేకుండా ఉన్నాయిగా. నేనే గీసుంటా."

ఊళ్ళో క్లబ్బులు నాలుగు, మైదానం ఒక్కటి. పొద్దున బడి పిల్లలు, సాయంత్రం ఫుట్‌బాల్ వాళ్ళు, వారానికి మూడు రోజులు ఆడవాళ్ళ హాకీ, ఆదివారం మోకాళ్ళరిగిన పాత ఆటగాళ్ళు. గడ్డికి వారానికి ఇరవై గంటల ఓపిక ఉంటుంది. అక్కడ నలభై గంటలు ఆడతారు. మిగతా ఇరవై గంటలూ వాళ్ళు ఆడేది గడ్డి మీద కాదు, బాబాయి నడుం మీద.

అయినా ఆ మైదానం బోడి కాలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో గోలు పోస్టుల ముందు నేల సొట్టపడ్డ గిన్నెలా గుంటపడి, వానొస్తే చెరువు, ఎండొస్తే పెంకు. ఇక్కడ మాత్రం పచ్చగానే ఉండేది. అందరూ అది బాబాయి చేతి చలవ అనుకున్నారు. చేతిది కాదు. అది మూడు మేకుల చలవ.

చిన్నప్పుడు వాళ్ళమ్మ పెరట్లో ఒకే మడిలో రెండేళ్ళు వరసగా టమాటా వేసేది కాదు. "దానికీ పడుకోవాలని ఉండదట్రా?" అనేది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, గోలు ముందు నేల చచ్చిపోతుంటే అతనికి ఆ మాట గుర్తొచ్చింది. గోలు పోస్టులు అప్పట్లో పాతినవి కావు. ఇనప చట్రం, వెనక బరువుకి ఇసుక మూటలు, అంతే. మైదానానికి ఆ చివరా ఈ చివరా ఖాళీ జాగా ఉంది. ఆ ఏడు సీజను ముందు మొత్తం ఆట స్థలాన్నే గేటు వైపుకి నాలుగు అడుగులు జరిపాడు. మరుసటేడు ఇంకో నాలుగు. మూడో ఏడు మళ్ళీ మొదటి చోటికి. ఒక చోట ఆట ఆడితే ఆ చోటికి రెండేళ్ళ నిద్ర. చోటు మరిచిపోకుండా రెండు చివర్లా మూడేసి మేకులు నేలలో జానెడు లోతున దించి, పైన గడ్డి కప్పాడు. ఆ మేకులు ఎక్కడున్నాయో అతనికి తప్ప ఎవరికీ తెలీదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మొదటి ఏడే అప్పటి ఇంజనీరుకి చెప్పబోయాడు. "ప్లానులో ఎక్కడుందో అక్కడే ఉండాలయ్యా. నువ్వు జరిపితే రేపు ఇంకోడు మైదానాన్నే ఇంటికి తీసుకుపోతాడు," అన్నాడాయన. బాబాయి సరేనన్నాడు. సరేనని జరిపాడు.

అందుకే ప్రతి సీజను ముందు ఒక నాటకం ఆడేవాడు. ఫుట్‌బాల్ కుర్రాళ్ళని పదిమందిని పిలిచి, "వెనక గడ్డి కోయాలి, ఈ ఇనుము కాస్త ఇటు జరపండ్రా, మోయలేక చస్తున్నా" అని మూలిగేవాడు. వాళ్ళు జరిపేవాళ్ళు. మళ్ళీ పెట్టేటప్పుడు అతను చూపించిన చోట పెట్టేవాళ్ళు. ఇరవై నాలుగు సార్లు మైదానం నడిచింది. దాని మీద పరిగెత్తేవాళ్ళలో ఒక్కరికీ తెలీలేదు.

ఇంక ఎనిమిది నెలల్లో రిటైరవుతాడనగా మోకాలు లొంగిపోయింది. ఆపరేషను చేసి నెల రోజులు మంచం దిగొద్దన్నారు. కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించని గదిలో అతను పడుకుని, ఇప్పుడు గడ్డి ఎంత ఎత్తుండి ఉంటుందో వేలితో దుప్పటి మీద కొలుచుకునేవాడు.

ఆ నెలలోనే మునిసిపాలిటీ నుంచి క్లబ్బులకి ఉత్తరం వచ్చింది. మైదానం పోషణకయ్యే ఖర్చు క్లబ్బులు కట్టే అద్దెకి ఆరింతలుంది, కాబట్టి పనిలో వాటా పంచుకోండి, లేదా వారంలో నాలుగు రోజులు గేటుకి తాళం వేస్తాం. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడున్న పనివాడు దిగిపోయాక ఆ ఉద్యోగంలో ఇంకొకరిని వేయరు.

ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీకి బజారులో వెల్డింగు షాపుంది. నిప్పురవ్వల మధ్య బతికినవాడు, ఏదైనా అతికితే తప్ప నిద్రపోడు. ఆదివారం నలభైమందిని పోగేశాడు. కంచెకి రంగేశారు. కారే కుళాయి బాగుచేశారు. సాయంత్రానికి ఇంకా ఉత్సాహం మిగిలిపోయింది.

మంచం దిగిన రోజు బాబాయి చేతికర్రతో గేటు దాకా వచ్చేసరికి సెక్రటరీ ఎదురొచ్చాడు.

"బాబాయ్, కళ్ళు మూసుకో."

"మూస్తే పడతానయ్యా. ఒక కాలు ఇంకా అరువుదే."

"సరే, తెరిచే ఉంచు. అటు చూడు."

గోలు పోస్టులు కాంక్రీటు దిమ్మెల్లో దిగి ఉన్నాయి. రెండు వైపులా. గేటు వైపు దిమ్మె మీద, తడిగా ఉండగా పుల్లతో రాశారు: 'మా బాబాయికి.'

"ఏటా మోయలేక చస్తున్నానంటావుగా! ఇంక ఈ జన్మకి మోసే పని లేదు. రెండడుగుల లోతు వేశాం. ఏనుగొచ్చినా కదలదు," అన్నాడు సెక్రటరీ. అతని మొహం వెలిగిపోతోంది.

బాబాయి చెప్పులు విప్పాడు. ఆపరేషనైన కాలి మీద ఆనుకోలేక, కర్ర మీద ఒరిగి, మడమ నొక్కాడు. దిగలేదు. ఒక సీజను ఆడిన నేల. ఇప్పుడు పడుకోవాల్సిన నేల.

"బాగుందయ్యా," అన్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలపకుండానే చూస్తుంటే భార్య అడిగింది. మొత్తం చెప్పాడు. మేకుల సంగతి ఆవిడకీ అదే మొదటిసారి వినడం.

"ఇరవై నాలుగేళ్ళు నా దగ్గర కూడా దాచారా? ఇంకా ఏం దాచారో, ఏ ఊళ్ళో ఇంకో కొంప ఉందో!"

"నీతో చెబితే కుళాయి దగ్గర చెప్పినట్టేగా."

"ఆ, చెప్పుంటే బాగుండేది. ఇవాళ ఈ తంటా లేకపోను." ఆవిడ మజ్జిగ పోసింది. "ఏడు నెలలేగా. వదిలేయండి. తర్వాత ఎవరు ఎట్లా పోతే మీకేం?"

అతను మజ్జిగన్నం కలపడం మొదలుపెట్టి ఆగాడు.

"రెండేళ్ళలో బోడి అవుతుందే. బోడి నేలకి నీళ్ళు దండగంటారు. నీళ్ళు ఆపుతారు. ఆ తర్వాత గేటుకి తాళమే. వాళ్ళంతా ఎక్కడ ఆడతారు?"

"అయితే చెప్పేయండి."

"మనసుపడి చేశారే. నలభైమంది."

"మీరు మూలగబట్టేగా చేశారు."

దీపం ఆర్పాక కూడా ఆ మాట గదిలో పడుకోకుండా తిరుగుతూనే ఉంది.

పది రోజులు అతను ఏమీ చెప్పలేదు. పొద్దున్నే గొలుసు తీసేవాడు, మడమ నొక్కేవాడు, నీళ్ళు పెట్టేవాడు. పక్కనే నాలుగడుగుల అవతల రెండేళ్ళు నిద్రపోయి లేచిన గడ్డి, పిలుపు కోసం చూసే మనిషిలా, గాలికి తల ఎత్తుతూ ఉండేది. పదకొండో రోజు హాకీ క్లబ్బు గోల్‌కీపరమ్మాయి పడి లేచి మోచెయ్యి చూసుకుంది. పెద్ద దెబ్బేం కాదు. చెక్కుకుపోయింది. "నేల గరుకుగా ఉంది బాబాయ్ ఈ ఏడు," అంది, ఫిర్యాదులా కాదు, వాన పడుతోందన్నంత మామూలుగా. ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట అతను వినడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీని రమ్మన్నాడు.

"బూట్లు విప్పు."

"దేనికి బాబాయ్?"

"విప్పవయ్యా. నీ కాళ్ళకేం నగలున్నాయని?"

విప్పాడు. గేటు వైపు గోలు ముందు నిలబెట్టి మడమ నొక్కమన్నాడు. సెక్రటరీ నొక్కాడు, మొహం చిట్లించాడు. గేటు వైపుకి ఎనిమిదడుగులు నడిపించి మళ్ళీ నొక్కమన్నాడు. ఈసారి మడమ కొంచెం దిగింది. నాలుగడుగులు వెనక్కి రప్పించి ఇంకోసారి. అక్కడ గడ్డి పాదాన్ని లోపలికి తీసుకుంది. సెక్రటరీ మడమ తీశాక ఆ గుర్తు, మెల్లగా, ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది.

"ఇదేంటి బాబాయ్? ఒకే మైదానం కదా!"

బాబాయి కర్ర వదిలి, కష్టం మీద నేల మీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో మట్టి తవ్వాడు. తుప్పు పట్టిన మేకు తల బయటపడింది. గేటు వైపు నాలుగడుగుల అవతల ఇంకోటి. ఇటు వెనక, కాంక్రీటు పక్కనే, మూడోది. చెప్పాల్సినదంతా చెప్పాడు. అమ్మ పెరడు, ప్లాను, నాటకం, అన్నీ.

సెక్రటరీ మేకుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"అంటే మేం నీకు బహుమతి ఇవ్వలేదు. కాళ్ళకి సంకెళ్ళేశాం."

"నాకు కాదులే. దానికి."

"ఇన్నేళ్ళు ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు మీటింగు పెడతారని."

సెక్రటరీ తల పట్టుకున్నాడు. "బాబాయ్, వార్డు మెంబరు ఆ దిమ్మె పక్కన నిలబడి ఫోటో దిగాడు. వచ్చే నెల టోర్నమెంటు మొదలుపెట్టేదీ ఆయనే. ఇప్పుడు పగలగొడితే నా తల పగులుతుంది."

"తప్పు నాదేనయ్యా. నిన్ను ఏమనను? నీకు తెలియాలని చూపించా, అంతే. ఏడు నెలల తర్వాత చూపించడానికి నేనుండను."

లేవబోయాడు. మోకాలు సాయం రాలేదు. సెక్రటరీ చంకల కింద చేతులేసి లేపాడు. ఇద్దరూ ఒకరి బరువు ఒకరి మీద వేసుకుని గేటు దాకా నడిచారు.

సోమవారం తెల్లవారుజామున బాబాయి వచ్చేసరికి గేటు ముందే తెరిచి ఉంది. మైదానం ఆ చివర, ఎవరూ ఫోటో దిగని వైపు, సెక్రటరీ సుత్తితో కాంక్రీటు పగలగొడుతున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"రెండడుగుల లోతన్నానే, అబద్ధం బాబాయ్. అడుగున్నరే. సిమెంటు అయిపోయింది."

"ఆ కొరతే నేలని బతికించింది."

"గేటు వైపుది మాత్రం టోర్నమెంటు అయ్యాకే. మాటిస్తున్నా."

టోర్నమెంటు అయ్యాక అంటే ఎప్పుడో ఇద్దరికీ తెలుసు. అయ్యాక ఇంకో టోర్నమెంటు ఉంటుంది. బాబాయి వాదించలేదు. వాదించే ఓపికని అతను గడ్డి కోసం దాచుకున్నాడు. పగిలిన ముక్కల్ని ఇసుక మూటలకి బదులు గోలు వెనక బరువుగా పేర్చారు. సాయంత్రం ఆటకొచ్చిన కుర్రాళ్ళు పదిమందీ ఇనప చట్రాన్ని పట్టి గేటు వైపుకి నాలుగడుగులు జరిపి రెండో మేకు మీద నిలబెట్టారు. గేటు వైపుది ఉన్న చోటే ఉండిపోయింది.

దాంతో ఆ సీజనంతా మైదానం నాలుగడుగులు పొట్టిది. బాబాయి మధ్య గీతని రెండడుగులు జరిపి గీశాడు. టోర్నమెంటులో పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. జట్లు ఆడాయి. ఒక్కరూ కనిపెట్టలేదు. పాత ఆటగాళ్ళ కెప్టెను మాత్రం చెమట తుడుచుకుంటూ, "ఈ ఏడు ఆ చివరి దాకా పరిగెత్తినా ఆయాసం రావట్లేదు బాబాయ్. వయసు వెనక్కి తిరుగుతున్నట్టుంది," అన్నాడు.

"తిరగనీండి సార్," అన్నాడు బాబాయి. సెక్రటరీ అటు తిరిగి దగ్గు వచ్చినట్టు నటించాడు.

టోర్నమెంటు అయిపోయిన రెండో వారం. గేటు వైపు దిమ్మె ఇంకా అక్కడే ఉంది, 'మా బాబాయికి' అన్న అక్షరాల్లో దుమ్ము నిండుతోంది. బాబాయి పొద్దున్నే సున్నం బస్తా విప్పుతూ స్టోరు గది గుమ్మంలోంచి తలెత్తాడు. ఆ గోలు ముందు సెక్రటరీ నిలబడి ఉన్నాడు. షాపు తెరవడానికి వెళ్తూ ఆగినట్టున్నాడు, చంకలో వెల్డింగు మాస్కు ఉంది. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. కుడి మడమ నేలకి నొక్కాడు, కాసేపు అలాగే ఉంచాడు.

"ఇంకా రాయే బాబాయ్!" అని అరిచాడు అక్కణ్ణించే.

"రాయేనయ్యా."

"నీళ్ళు పెట్టనా?"

ఇరవై ఏడేళ్ళలో ఆ ప్రశ్న అతన్నెవరూ అడగలేదు. సున్నం బస్తా మూతి చేతిలోంచి వదిలేశాడు. గుమ్మం మీద, కాలు చాపుకుని, పొద్దెక్కక ముందు ఆ మైదానంలో మొదటిసారిగా తీరిగ్గా కూర్చున్నాడు.

"గొట్టం ఎడమ పక్కనుంది. కుళాయి మెల్లగా తిప్పు," అన్నాడు.