మేస్త్రీకి పెట్టిన పంచె

హైటెక్ సిటీలో నా ఉద్యోగం పేరు స్క్రమ్ మాస్టర్. అంటే పని చేయను, చేయిస్తాను. హఫీజ్‌పేటలో మా ఇల్లు కట్టిన కనకలక్ష్మి రెండూ చేస్తుంది.

బోరబండ నుంచి వచ్చి సిమెంటు తట్టలు మోసిన మనిషి. మధ్యాహ్నం మగవాళ్లు కునుకు తీస్తుంటే వాళ్ల తాపీ పట్టుకుని పని నేర్చుకుంది. ఇప్పుడు మరిది నర్సయ్య కూడా ఆమె చేతికిందే. అయినా ఇసుక లారీవాడు వచ్చి ఆమెనే అడుగుతాడు, మేస్త్రీ ఏడమ్మా అని. నాకు ఒళ్లు మండేది.

"నలుగుర్ల ఒక్కపారి నన్ను మేస్త్రి అని పిలవాలె మేడం. ఇగ నాకేం వద్దు," అంది ఓరోజు టీ తాగుతూ.

మాటల పుట్టుక తవ్వడం నాకు పిచ్చి. ఇంకేం, మొదలుపెట్టాను. "అది లాటిన్ మాట కనకలక్ష్మీ. మగిస్తెర్. 'ఎక్కువ' అనే మాటలోంచి వచ్చింది. పోర్చుగీసువాళ్ల నోట మెస్త్రె అయి, ఓడెక్కి వచ్చి మన దగ్గర మేస్త్రీ అయింది. ఇటలీలో మాయెస్ట్రో, ఇంగ్లీషులో మాస్టర్, మన బళ్లో మాస్టారు, అన్నీ దాని పిల్లలే. మినిస్టర్ మాత్రం 'తక్కువ' లోంచి వచ్చింది. సేవకుడని అర్థం."

"అయితే మినిస్టర్ కంటె మేస్త్రే పెద్ద!" పడీపడీ నవ్వింది.

"రెండు వేల ఏళ్ల కిందటే లాటిన్‌లో ఆడమనిషికీ ఓ మాట ఉండేది. మగిస్త్రా అనేవారు."

నవ్వు ఆపేసింది. "గప్పుడే ఉండెనా?"

గృహప్రవేశానికి మా మామగారు సోమేశ్వరరావు గారు కాకినాడ నుంచి వచ్చారు. మేస్త్రీకి బట్టలు తెమ్మని ఫోన్లో చెప్పాను. మేస్త్రీ అనగానే ఆయనకు మీసాలే కనిపించినట్టున్నాయి, పట్టుపంచె, కండువా తెచ్చారు. చుట్టాలందరి ముందు పళ్లెం పట్టుకుని నర్సయ్య వైపు నడిచారు.

"రండి మేస్త్రీ గారూ."

నర్సయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను కాదు సారూ. మేస్త్రి మా వదినె."

మామగారి ముఖం ఎర్రబడింది. "క్షమించమ్మా, పొరపాటైపోయింది. కాసేపు ఆగు, మంచి చీర తెప్పిస్తాను."

"చీరెలు శానున్నయ్ సారూ. గివి మేస్త్రి బట్టలు. నాకే ఇయ్యుండ్రి."

ఆయన ఆమె వైపు తిరిగి, పళ్లెం రెండు చేతులా అందించారు. "తీసుకోండి, మేస్త్రీ గారూ."

కనకలక్ష్మి పంచె చంకన పెట్టుకుని, కండువా తలకు చుట్టి, తను కట్టిన గోడకు ఆనుకుని నిలబడింది. నేను ఈల వేశాను.