గ్రూపు ఫొటోలో చివరి చోటు

ఏ ఫొటో చేతికొచ్చినా చిన్నకోడలు ముందు తన ముఖం వెతుక్కుంటుంది, ఆ తర్వాత పక్కవాళ్లను అనుమానంగా చూస్తుంది. పోయినసారి ఇరుకు హాల్లో ఇంటిల్లిపాదినీ పట్టే వెడల్పు లెన్సుతో తీస్తే, చివర నిలబడ్డ ఆమె చెంపలు రబ్బరులా సాగి వచ్చాయి. పెద్దకోడలే కావాలని తనను అక్కడికి నెట్టిందని ఆమె గట్టి నమ్మకం.

ఈసారి నిలబడకముందే నిలదీసింది. "ఏం బాబూ, నీ లెన్సుకి నా మీదేనా పగ?" గోడకు వీపు ఆనించిన ఫొటోగ్రాఫర్ నవ్వాడు. "ఆ చివర ఎవరున్నా సాగుతారమ్మా!" అది విని పెద్దకోడలు, "నువ్విలా మధ్యలోకి రావే," అని తన చోటిచ్చి చివరికి వెళ్లింది. ఇందులో ఏం మతలబుందోనని చిన్నకోడలు పెదవి బిగించే నిలబడింది. తీశాక కెమెరాలోకి తొంగిచూస్తే తన ముఖం చక్కగా ఉంది. చివరన అక్క ముఖం సగానికి సగం సాగిపోయినా, నవ్వు మాత్రం చెదరలేదు. చిన్నకోడలు అక్క భుజం పట్టి లోపలికి జరిపి, తనే చివర నిలబడింది. "ఇంకోటి తియ్యి బాబూ. నా ముఖానికి సాగడం అలవాటేలే."