చదవడం రాని ఆమె చదివిన పుట

నా చిన్నప్పుడు మా వాడలో సాంచాల చప్పుడు సద్దుమణిగేది మధ్యాహ్నం ఒక్క గంటే. వేములవాడకు పోయే దారిలో ఉన్న ఆ చిన్న పట్నంలో మాది నేత కుటుంబం. మరమగ్గాలను మేం సాంచాలంటాం. బాపు వాటి మీద పనిచేసేవాడు, అవ్వ ఇంట్లో నూలు కండెలు చుట్టేది. నాకప్పుడు పదేళ్లు. ఆ గంటసేపూ గోడకవతల అయ్యగారి పెరట్లో ఉండేదాన్ని.

అయ్యగారంటే గుడి పూజారి. ఆయన అన్న చనిపోయాక వదిన ఆయన పంచనే ఉండిపోయింది. ఆమెను నేను అమ్మమ్మా అని పిలిచేదాన్ని. తెల్ల చీర కొంగును తల మీద నుంచి జారనిచ్చేది కాదు. పెళ్లికి గానీ పేరంటానికి గానీ ఆమెను ఎవరూ పిలవరు. పెరట్లో నుంచి మా సందులోకి చిన్న తలుపు ఉండేది. ఒకరోజు నేను పొట్లం కాగితం మీది వార్తను గట్టిగా చదువుతుంటే విని, ఆ తలుపు దగ్గరికి పిలిచింది. అక్షరాలు ఎంతవరకు వచ్చని అడిగింది. ఒత్తులు కూడా వచ్చని గర్వంగా చెప్పాను.

మర్నాడు కొంగు కింద దాచి ఒక పుస్తకం తెచ్చింది. వేదమంత్రాలను తెలుగు లిపిలో అచ్చేసిన పుస్తకం, ఆమె భర్తది. నలభై ఏళ్లు ఆయన రోజూ పఠిస్తుంటే వంటింట్లో నుంచి విన్నది గానీ, ఆమెకు ఎవరూ అక్షరం నేర్పలేదు.

"నాకు చదువ రాదు బిడ్డా. నువ్వు చదువు, నేను వింట," అంది.

అవి మావాళ్లు వినగూడదనీ, ఆడవాళ్లు పలకగూడదనీ నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు. అయినా పుస్తకాన్ని పీట మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. అక్షరాల పైనా కిందా సన్నటి గీతలుంటే అచ్చుతప్పులనుకున్నాను. బడిలో పాఠం చదివినట్టు నేను చదువుతుంటే, ఆమె కళ్లు మూసుకుని, గొంతు ఎక్కడ పైకి పోవాలో ఎక్కడ దిగాలో చేత్తో చూపించేది. ఆ గీతలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ఎండాకాలం సెలవుల్లో చాలా పుటలు అట్లా దాటాం.

ఒకనాడు అయ్యగారు గుడి నుంచి పెందలాడే వచ్చారు. వంటింటి గుమ్మంలో నిలబడి ఎంతసేపు విన్నారో తెలియదు.

"ఎవరు చదివిండ్రు?" అని అడిగారు. కేక వేయలేదు.

మేముండే ఇంటి జాగా ఆయనదే. బాపు ముఖం కళ్ల ముందు మెదిలింది.

"నేను కాదు. అమ్మమ్మనే చదివింది," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. పుస్తకాన్ని తన ముందుకు జరుపుకుని, "అవు, నేనే చదివిన," అంది.

ఆయన వంగి, పుటలు తిప్పి ఎక్కడో తెరిచి, "అయితే చదువుండ్రి వదినా," అన్నారు.

ఆమె ఆ పుట మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. అక్కడ ఉన్నది వేరు, ఆమె పలికింది వేరు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ఒక్క స్వరం తప్పలేదు. కొంగు జారినా సర్దుకోలేదు. పలికే తీరు అచ్చం చనిపోయిన అన్నదేనేమో, ఆయన ఆపలేకపోయారు. చివరిదాకా విని, ఇన్నేళ్లూ చాటుగా నిలబడి నేర్చుకున్నారా అని అడిగారు.

"చాటుకు గాదు. వంట చేసుకుంట విన్న. చెవులు మూసుకుంటె అన్నమెట్ల వండాలె?" అంది.

ఆయన పుస్తకం తీసుకుని లోపలికి పోయారు. సాయంత్రానికి పెరటి తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టించారు. బాపును పిలిపించారు. బాపు చేతులు కట్టుకుని అంతా విని వచ్చాడు. నన్ను కొట్టలేదు.

"మనకెందుకు బిడ్డా గవన్ని? గీ జాగ ఖాళీ చెయ్యుమంటె ఏడికి పోదుం?" అన్నాడు.

కొడితే బాగుండుననిపించింది.

ఆ తర్వాత గోడకవతల ఆమె నీళ్లు తోడే బావి గిలక చప్పుడు వినిపించినప్పుడల్లా గోడ పక్కకు పోయి నిలబడేదాన్ని. తప్పైందని చెప్పాలని మాట నోటిదాకా వచ్చేది. అయ్యగారు వింటారేమోనని మింగేదాన్ని. రెండేళ్లకు ఆమె పోయింది. ముందు గడప దాటి ఆమె బయటికి రావడం నేను చూసింది అదొక్కసారే, నలుగురి భుజాల మీద.

ఇప్పుడు నాకు అరవై ఆరేళ్లు. ఆ మంత్రాలు నా మనవరాలి ఫోన్‌లో ఎవరు వేలు పెట్టినా వినిపిస్తాయి. మా వాడ ఆడవాళ్లం శనివారాలు కూడి చదువుకుంటాం కూడా. నా వంతు వచ్చినప్పుడల్లా మొదట గుమ్మం వైపు చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. అయినా రెండోసారి చూశాకే మొదలుపెడతాను.

మొన్న మా వాడకొచ్చిన ఒక కొత్త కోడలు, స్వరం ఎవరు నేర్పారని అడిగింది. పక్కింటి అమ్మమ్మ అన్నాను. ఆమె పెద్ద చదువు చదివిందా అంటే, ఆమెకు అక్షరం రాదని చెప్పాను. అక్కడితో ఆపుదామనుకున్నాను గానీ, ఆ రోజు నేనాడిన అబద్ధం కూడా చెప్పేశాను. "చదివింది నేనే," అని పదిమందిలో అన్నాను. ఆ మాట వినవలసిన మనిషి మాత్రం అక్కడ లేదు.